మా వెర్లిన్ బావ వేళ్ళు

మా వెర్లిన్ బావకి ఒకే ఒక్క పిచ్చి. పాట వినబడిందంటే చాలు, ఆయన కుడిచెయ్యి దానంతటదే గాలిలోకి లేచి వేళ్ళు చూపిస్తుంది. ఒకటి. నాలుగు. అయిదు. మళ్ళీ ఒకటి. తెలియనివాళ్ళు చూస్తే కనబడని మనిషితో బేరమాడుతున్నాడనుకుంటారు. తెలిసినవాళ్ళు ఆయన పక్కన కూచోరు.

పిచ్చి అన్నది నేను కాదు, మా లోరీన్ అక్క. "నాన్న నీకు దాణాకొట్టు ఇచ్చాడు, నాకు ఈ వేళ్ళాయన్ని ఇచ్చాడు. పంపకాల్లో మోసపోయానురా డ్వేన్" అని ఏ పండక్కి కలిసినా ఒకసారైనా అంటుంది. బావ వినిపించుకోడు. ఆయన మనసు ఎప్పుడూ ఏదో ఒక మెట్టు మీద ఉంటుంది.

మెట్టంటే ఏమిటో చెప్పాలి. మా టెక్సస్ పల్లెపాటల బ్యాండుల్లో కాగితాలు చూసి వాయించేవాళ్ళు ఉండరు. పాట వెనక వాయించే మోత ఒకచోట నిలవదు, మెట్లెక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇప్పుడు ఎన్నో మెట్టుకి వెళ్ళాలో బ్యాండు పెద్ద తన వీపు వెనక వేళ్ళు చూపిస్తాడు, మిగతావాళ్ళు అది చూసి వెళతారు. తెలిసిన పాటయితే చెవే చాలు, వేళ్ళు అక్కర్లేదు. అంతే సంగతి. దీన్ని మా బావ ఒక క్రిస్మస్ భోజనాల దగ్గర ఇలా వివరించాడు.

"ఒకటంటే మనిల్లు. నాలుగంటే పక్కింటికి కబుర్లకి వెళ్ళడం. అయిదంటే అత్తారింట్లో కూచుని ఇంటికెప్పుడు పోతామా అని కాళ్ళూపడం. అందుకే అయిదు తర్వాత ఒకటి రాకపోతే మనిషికి ఊపిరాడదు."

"మరి ఆరు?" అన్నాన్నేను.

"ఒక వేలు నేలకేసి చూపిస్తే ఆరు. ఆరంటే ఏడుపు."

ఎదురుగా మా అమ్మ కూచునుంది. "అయితే మా ఇల్లు అయిదా అల్లుడూ?" అంది, కత్తి పక్కనపెట్టి.

"ఇల్లు అయిదే అత్తయ్యా. మీరు ఆరు."

ఆ ఏడాది ఆయనకి కేకు ముక్క దక్కలేదు.

ఇంత తెలిసినవాడు తను వాయిస్తాడా అంటే, లేదు. గాలిమరలు బాగుచేసి బాగుచేసి ఆయన వేళ్ళు ఒక్కోటి మేకుల్లా తయారయ్యాయి. పెళ్ళయిన కొత్తలో స్టీలు గిటారు ఒకటి తెచ్చాడు. అది బల్లలా కాళ్ళ మీద నిలబడుతుంది, తీగల మీద ఇనపకడ్డీ జారుస్తూ వాయించాలి. మూడురోజులు వాయించాడు. నాలుగోరోజు మా కుక్క ఇల్లు వదిలి పాస్టరుగారింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. అప్పటినుంచి వినడం ఒక్కటే పెట్టుకున్నాడు.

వినేది ఎవరినయ్యా అంటే ఓపల్ డ్రిస్కల్‌ని. మిస్ ఓపల్ అంటే మా కౌంటీలో గవర్నరు కూడా టోపీ తీస్తాడు. క్లింగర్ హాల్లో నెలకి రెండు ఆదివారాలు, చర్చి అయి భోజనాలయ్యాక సరిగ్గా రెండు గంటలకి ఆవిడ పాట. చెక్కనేల మీద బూట్లు జారడానికి మొక్కజొన్నపిండి చల్లుతారు, జంటలు గుండ్రంగా తిరుగుతూ ఆడతాయి. ఆవిడ విరహం పాడిందంటే పెళ్ళాం పక్కనే ఉన్నవాడు కూడా ఎవరికోసమో కళ్ళు తుడుచుకుంటాడు. ఎవరికోసం అన్నది ఇంటికెళ్ళాక తేలుతుంది.

ముందువరసలో ఎడంపక్క మూడో కుర్చీ మా బావది. ముప్పైనాలుగేళ్ళుగా ఆయనదే. తమాషా ఏమిటంటే, ఆ కుర్చీలో కూచుని ఆయన మిస్ ఓపల్ మొహం ఒక్కసారి కూడా చూడలేదు. చూపంతా వెనక స్టీలు గిటారు వాయించే హార్లన్ పీక్ మీదే.

ఆవిడ ఒకసారి నన్ను పక్కకి పిలిచి అడిగింది కూడా. "డ్వేన్, మీ బావకి నేనంటే పడదా?"

"అయ్యో మిస్ ఓపల్, మీరంటే ప్రాణం."

"మరి నా మొహం చూడడేం? పోయినసారి కొత్త టోపీ పెట్టుకొచ్చాను. ఊరంతా చూసింది. ఆయన మాత్రం హార్లన్ మోకాళ్ళు చూస్తూ కూచున్నాడు."

ఆ మాట బావకి చేరవేశాను. ఆయన నింపాదిగా అన్నాడు: "ఆవిడని చూడ్డానికి ఊరంతా ఉందిరా. వెనక వాయించేవాళ్ళని చూడ్డానికి ఒక్కడైనా ఉండొద్దూ?"

ఆ హార్లన్ గారిది ఇంకో కథ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మితభాషి. అడిగినదానికి చెప్పే జవాబుకి పొంతన ఉండదు. "టైమెంతయిందండీ హార్లన్ గారూ?" అంటే "అంతా ఆయన దయ" అంటాడు. "వాన పడేలా ఉందే" అంటే "ఆవాలు తక్కువైతేనే నాకిష్టం" అంటాడు. ఈ మాటలకి అర్థాలు తీసేవాళ్ళు మా ఊళ్ళో బయలుదేరారు. ఆయనొక జ్ఞాని అని పేరుపడిపోయింది. మా కొట్టు ముందు ఇద్దరు రైతులు ఆవాల మాట మీద మధ్యాహ్నమంతా చర్చించుకున్నారు.

మళ్ళీ వేళ్ళ దగ్గరికొస్తాను. న్యాయంగా చెప్పాలంటే అవి మొదట్లో మోకాలి మీదే ఉండేవి. తనలో తను నెమ్మదిగా తట్టుకునేవాడు. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం ఉన్నట్టుండి గాలిలోకి లేచాయి. అప్పుడు మొదలయ్యాయి మా అక్క కష్టాలు.

మొదట చర్చిలో. పాస్టరుగారు కళ్ళు సగం మూసి, "ఈ వారంలో పాపం చేసినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. వెనకాల ఆర్గను మెల్లగా మోగుతోంది. మా బావ చెయ్యి లేచింది, నాలుగు వేళ్ళతో.

"నాలుగా, బ్రదర్ వెర్లిన్?" అన్నాడు పాస్టరుగారు జాలిగా.

అంతలో ఆర్గను మెట్టు మారింది. బావ వేళ్ళు అయిదయ్యాయి.

"ఇక్కడ కూచునే అయిదోది చేశావా!" అన్నాడు పాస్టరుగారు. మా అక్క రెండు వారాలు చర్చికి వెళ్ళలేదు.

తర్వాత కళ్ళ డాక్టరు. ఆయన గదిలో రేడియో పెట్టుకుంటాడు, తప్పు ఆయనదే. మూడు వేళ్ళు చూపించి "ఎన్ని?" అన్నాడు. బావ ఒక్క క్షణం విని, "మూడు కాదు డాక్టరుగారూ, ఈ పాటలో మూడు రాదు. నాలుగుకి వెళ్ళండి" అన్నాడు. చూపు భేషుగ్గా ఉంది, తలకాయే ఇంకెవరికైనా చూపించమని డాక్టరు చీటీ రాసిచ్చాడు.

అన్నిటికంటే ఘోరం పశువుల సంతలో జరిగింది. మాటలోనే ఉంది చూడండి, వేలంపాట: అందులో వేలూ ఉంది, పాటా ఉంది. అలాంటిచోటికి మా బావని తీసుకెళ్ళకూడదని నాకు తట్టలేదు. మేకల వంతు వచ్చింది. ఎన్ని కావాలో వేళ్ళతో చూపించడం అక్కడి పద్ధతి. సరిగ్గా ఆ సమయానికి బయట ఎవరో ట్రక్కులో మిస్ ఓపల్ పాట పెట్టారు. పాట ఇంకో వరస నడిచుంటే అయిదొచ్చేవి. నాలుగు మేకలతో సరిపోయింది. అవి మా అక్క గులాబీలు తిన్నాయి, ఆరేసిన దుప్పట్లు తిన్నాయి, ఇంటి గేటు తోసుకుని పక్కవాళ్ళ ఉత్తరాలు కూడా తిన్నాయి. గేటుకి ఎన్నిసార్లు గొళ్ళెం మార్చినా "మేకలు గేటు తోసుకున్నట్టున్నాయి" అన్నదే మా అక్కకి రోజూ సుప్రభాతం అయింది.

ఇలా నవ్వుకుంటూ గడిచిపోయేదే. కిందటేడు బ్యాండుకి కొత్త పెద్ద వచ్చాడు. కోల్బీ అని, మిస్ ఓపల్ అన్నకొడుకే, బేసు గిటారు వాయిస్తాడు. కుర్రాడు మంచివాడే కానీ శుభ్రం ఎక్కువ. బ్యాండులో అందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టించాడు. ఒకరోజు మా కొట్టుకొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

"డ్వేన్ గారూ, ఏమీ అనుకోకండి. హార్లన్ గారు ఈమధ్య అక్కడక్కడ తడబడుతున్నారు. ఎందుకో కనిపెట్టాను."

"ఎందుకు?"

"మీ బావగారి వేళ్ళు. ఎదురుగా ఆ చెయ్యి ఆడుతూ ఉంటే ఏ మనిషి నిలకడగా వాయిస్తాడు? వచ్చే ఆదివారం అత్తయ్య ఈ హాల్లో పాడడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు. రేడియోలో నేరుగా వస్తుంది. ఆరోజు ముందువరస కుర్చీలు తీయించేస్తున్నాను. మీ బావగారికి వెనక స్తంభం పక్కన చోటు."

"ఆయన ఒప్పుకోడు కోల్బీ."

"ఒప్పుకోక తప్పదండీ. హార్లన్ గారు రేడియోలో తప్పు వాయిస్తే నేను కొత్తమనిషిని తెచ్చుకోవాలి. యాభై ఏళ్ళు వాయించినాయన్ని పంపించడం నాకు మాత్రం ఇష్టమా?"

ఈ మాట చెప్పేసరికి మా బావ మొహం పాలిపోయింది. గాలిమర మీదినుంచి రెండుసార్లు పడ్డప్పుడు కూడా నేనా మొహం చూడలేదు.

"స్తంభం పక్కనా? అక్కణ్ణించి నా చెయ్యి కనబడదు కదరా!"

"కనబడకూడదనే కదా బావా అక్కడ వేస్తున్నది."

"నీకు తెలీదురా. ఆ కుర్చీ పోతే బ్యాండే పోతుంది."

"ఆహా. మరి నువ్వు నిద్రలేవకపోతే సూర్యుడో?"

ఆయన నవ్వలేదు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి కోల్బీ ఇంటికెళ్ళి బతిమాలాడు. కోల్బీ కాఫీ ఇచ్చి, పీచ్‌పళ్ళతో చేసిన తీపి ముక్క పెట్టి, కుదరదన్నాడు. మిస్ ఓపల్‌కి చెబుదామన్నాన్నేను. "ఆవిడకి మాత్రం చెప్పకు. చెబితే ఎందుకని అడుగుతుంది" అన్నాడు. అడిగితే ఏమవుతుందో చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. హాలు కిక్కిరిసిపోయింది. ముందువరస తీసేసినచోట జంటలు ఆడుతున్నాయి. బావ స్తంభం పక్కన, పిల్లిని చూసిన కోడిలా మెడ సాచి కూచున్నాడు. పక్కన అక్క సాసేజి, ఊరగాయ దోసకాయ పళ్ళెంలో పెట్టుకుని హాయిగా తింటోంది.

మొదటి పాట మొదలయింది. హార్లన్ గారు తలెత్తి ఎడంపక్క మూడో కుర్చీకేసి చూశారు. అక్కడ కుర్చీ లేదు, ఎవరిదో నడుం ఊగుతోంది. బ్యాండంతా నాలుగుకి వెళితే ఆయన ఒకటి దగ్గరే ఉండిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఈయన బయల్దేరారు, విందు అయిపోయాక వచ్చిన చుట్టంలా. మిస్ ఓపల్ కనుబొమ్మ లేచింది. కోల్బీ చొక్కాకి చెమట పట్టింది.

"చూశావా, వేళ్ళు లేకపోయినా తడబడుతున్నాడు" అన్నాన్నేను. వినడానికి బావ అక్కడ లేడు. అక్క చెయ్యి పట్టుకుని లేపుతున్నాడు.

"రా, ఆడదాం."

"సాసేజి తింటున్నానయ్యా!"

"తర్వాత తిందువు. రా లోరీన్, నీకు పుణ్యముంటుంది!"

మా బావ ఈ హాల్లో ఆడింది ఒక్కసారి, తన పెళ్ళినాడు. ముప్పయ్యారేళ్ళయింది. అక్క చెయ్యి తుడుచుకోవడం కూడా మరిచిపోయి లేచింది. జనాన్ని మోచేతుల్తో నెట్టుకుంటూ ఆవిణ్ణి వేదిక ముందుకి లాక్కెళ్ళాడు. అక్క వీపు వేదికవైపు, బావ మొహం వేదికవైపు. అక్కడ పాతుకుపోయాడు. జంటలన్నీ గుండ్రంగా తిరుగుతుంటే ఈ జంట మాత్రం ఒక్కచోటే నేల తొక్కుతోంది, మొరాయించిన ఎద్దులా.

"కదలవోయ్ వెర్లిన్!" అంటున్నారు గుద్దుకున్నవాళ్ళు.

"మీరు తిరగండి. మేం ఇక్కడే ఆడతాం!"

అక్క మొహం కంది ఎర్రబడింది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంటోంది. ఆయన "ఊ" అంటున్నాడు. చెవులు మాత్రం పాట మీదున్నాయి.

రెండోది ఆవిడకి పేరు తెచ్చిన పాట. మధ్యలో స్టీలు గిటారు ఒక్కటే మోగాలి. ఆ చోటు వచ్చేసరికి నేను ఒక భయంకరమైన సంగతి గమనించాను. హార్లన్ గారు రెప్పవెయ్యకుండా మా అక్క వీపుకేసి చూస్తున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది. డెబ్బై నాలుగేళ్ళొచ్చి ఇదేం బుద్ధి, జ్ఞానిట జ్ఞాని అనుకుంటూ చొక్కా చేతులు మడుచుకుని ముందుకి నడిచాను. తోబుట్టువు మర్యాద సంగతి కదా.

నాలుగడుగుల దూరంలో ఆగిపోయాను. అక్క నీలం చొక్కా మీద, సరిగ్గా వీపు మధ్యలో, మా బావ మేకుల్లాంటి వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. నాలుగు. హార్లన్ గారి కడ్డీ జారింది. అయిదు. కడ్డీ ఇంకా పైకి జారింది. ఒక వేలు నేలకేసి. స్టీలు గిటారు ఏడ్చింది, హాలంతా ఏడ్చింది. తర్వాత ఒకటి, అందరూ ఇల్లు చేరారు.

అప్పుడు తట్టింది నా మొద్దుబుర్రకి. టైమెంతంటే ఆయన దయ. వానంటే ఆవాలు. ఆ మనిషి జ్ఞాని కాదు. ఆయనకి వినబడదు. ఆరేళ్ళుగా మా బావ వేళ్ళే ఆయన చెవులు! నేను చొక్కా చేతులు మెల్లగా కిందికి దింపుకున్నాను. నాకు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

నేనొక్కణ్ణే కాదు, మిస్ ఓపల్ కూడా చూసింది. పాడుతూ పాడుతూ మైకుతో రెండడుగులు ఎడంపక్కకి వచ్చింది. హార్లన్ కళ్ళు ఎటున్నాయో చూసింది, అక్క వీపు చూసింది. నలభై ఏళ్ళు బ్యాండుతో తిరిగిన మనిషికి వేళ్ళ భాష ఎవరూ నేర్పక్కర్లేదు. మామూలుగా మూడు క్షణాల్లో వదిలేసే చివరి మాటని ఆరోజు ఊపిరున్నంతసేపు పట్టుకునుంది.

పాటయ్యాక బ్యాండువాళ్ళ పేర్లు చెప్పడం ఆనవాయితీ. రేడియో నడుస్తూనే ఉంది.

"ఫిడేలు మీద బడ్ షీలర్!" చప్పట్లు. "డ్రమ్ముల మీద రే లీ! బేసు మీద మా కోల్బీ!" చప్పట్లు. "స్టీలు గిటారు మీద, యాభై ఏళ్ళుగా నాకంటే బాగా ఏడవగలిగిన ఒకే ఒక్క మనిషి, హార్లన్ పీక్!" హాలు దద్దరిల్లింది.

అక్కడితో అయిపోవాలి. ఆవిడ వేదిక అంచుదాకా వచ్చింది.

"మా బ్యాండులో ఇంకొకాయన ఉన్నారు. ఇన్నేళ్ళూ పేరు చెప్పలేదు, తప్పు నాది. వేళ్ళ మీద, వెర్లిన్ స్టోక్స్!"

జనం పగలబడి నవ్వారు, బల్లలు గుద్దారు, వేళ్ళు ఎత్తి ఊపారు. వేళాకోళం అనుకున్నారు. అలా అనుకోవాలనే ఆవిడ అలా చెప్పింది. ముప్పైనాలుగేళ్ళలో మొదటిసారి మా బావ తలెత్తి మిస్ ఓపల్ మొహంలోకి చూశాడు.

"హమ్మయ్య, చూశాడు!" అంది ఆవిడ మైకులోనే. "కోల్బీ, మిస్టర్ స్టోక్స్ కుర్చీ ఏదమ్మా?"

కోల్బీ బేసు దింపి, వెళ్ళి తనే మోసుకొచ్చి వేశాడు. ఎడంపక్క మూడోది. హార్లన్ గారు ఆ కుర్చీకేసి చూసి, టోపీ సరిచేసుకున్నారు.

సాయంత్రం బావ పికప్ ట్రక్కులో ముగ్గురం ఇంటికి బయల్దేరాం. నేను వెనక సీటు.

"ముందే చెప్పొచ్చుగా బావా?" అన్నాను.

"ఎవరికి చెప్పన్రా? చెవుల్లేనివాణ్ణి బ్యాండులో ఎవడుంచుకుంటాడు? చెవికి మిషను పెట్టుకుంటే బ్యాండు మోతకి కీచుమంటుందిట. ఇంకొక్క ఏడాది వాయించనియ్యి వెర్లిన్ అన్నాడు, ఇదే పికప్‌లో కూచుని. సరే, చూపిస్తానన్నాను. నా చేతికి ఎవరైనా అడ్డొస్తేనే తడబడతాడు. ఆరేళ్ళయింది."

"మరి చర్చిలో? సంతలో?"

"సాధన ఉండొద్దూ? నేనొక వేలు తప్పు చూపిస్తే ఆయన పరువు పోతుంది."

"ఆయన పరువు కోసం నాకు నాలుగు మేకలు కట్టబెట్టావన్నమాట" అంది అక్క. గొంతులో కోపం లేదు కానీ ఏదో ఉంది. "అయితే ఇవాళ నన్ను లేపింది ఆడ్డానికి కాదు. నీకో పలక కావాలి. నా వీపు పలక."

బావ గేరు మార్చాడు.  ఈ సంసారంలో ఇప్పుడు ఆరు వస్తుందని నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

అక్కే మళ్ళీ అంది. "ఒకటడుగుతాను. పాటైపోయింది. ఆయన కడ్డీ పక్కన పెట్టేశాడు కూడా, నేను తల తిప్పి చూశాను. అప్పటికీ నా వీపు మీద ఒక వేలుంది. అదెవరికి చూపించావు?"

బావ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఒకటంటే ఏమిటో ఆ క్రిస్మస్‌నాడు చెప్పానుగా."

మా అక్కకి ఎప్పుడూ మాట తడుముకోవలసిన పని లేదు. ఆరోజు తడుముకుంది. మొహం కిటికీవైపు తిప్పేసుకుని, చేతిరుమాలు కోసం సంచీ అంతా వెతికింది.

"మేకలు గేటు తోసుకున్నట్టున్నాయి" అంది.

గేటు ఇంకా పదిమైళ్ళుంది.